ఉద్యోగం మానేయాలా, ఇంకో ఐదేళ్లు ఓర్చుకోవాలా?

తెల్లాపూర్ నుంచి ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు 39. సూర్యాపేట దగ్గర పల్లెటూరు నుంచి వచ్చి పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో డెలివరీ మేనేజర్. క్లయింటు అమెరికా పశ్చిమ తీరంలో ఉండటంతో రాత్రి తొమ్మిదిన్నరకి మొదలయ్యే కాల్స్ పన్నెండు దాటేదాకా సాగుతాయి. పడుకునేసరికి రెండవుతుంది. పిల్లల స్కూల్ బస్సు కోసం మళ్లీ ఆరున్నరకే లేవాలి.

చేతికొచ్చే జీతం 2,35,000. నాలుగేళ్ల కిందట ఫ్లాటు కోసం 90 లక్షల లోన్ తీసుకున్నారు, ఇరవై ఏళ్లకి, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి. దానికి నెలకి 78 వేలు. కారుకి 26 వేలు, క్రెడిట్ కార్డు మీద కొన్న వస్తువుల ఈఎంఐలు 18 వేలు, పర్సనల్ లోన్‌కి 14 వేలు. ఇద్దరు పిల్లల ఫీజులు నెలకి లెక్కేస్తే 35 వేలు. మిగిలింది మెయింటెనెన్సుకీ, సరుకులకీ, పెట్రోలుకీ, ఊళ్లో అమ్మానాన్నలకీ సరిపోక, రెండు నెలలుగా కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నారు. పర్సనల్ లోన్ సంగతి భార్యకి తెలియదు. పోయినేడు పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్‌ని గండిపేట వైపు ఒక కన్వెన్షన్‌లో చేయడానికి తీసుకున్న 4 లక్షలు అవి. బోనస్ డబ్బుతో చేశామని ఆమె అనుకుంటున్నారు.

కంపెనీ హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, 6.2 వచ్చింది. ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్, బీపీ 146/94. ఒక ఆదివారం రాత్రి, మర్నాటి రివ్యూ గుర్తొచ్చి ఛాతీ బిగదీసినట్టయితే ఎమర్జెన్సీకి వెళ్లారు. ఈసీజీ బాగానే ఉందని, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపించారు. ఈ రిపోర్టులు కూడా ఇంట్లో చూపించలేదు.

ఆయన మాటల్లోనే కొంచెం: "కాల్ అయిపోయాక నిద్ర పట్టదు మేడమ్. మంచం మీదే ఫోన్ తీస్తాను. ఏదో ఒకటి ఆర్డర్ పెడితే కాసేపు తేలిగ్గా ఉంటుంది. డబ్బా వచ్చేసరికి ఎందుకు కొన్నానో నాకే గుర్తుండదు. రన్నింగ్ షూస్, గిటార్, ఇనప పెనాల సెట్, నలుగురు పట్టే టెంట్. టెంట్ కొని రెండేళ్లయింది, సీల్ కూడా తీయలేదు, అటక మీదుంది. మొన్న మా చిన్నోడు 'నాన్నా, టెంట్ ఎప్పుడు వేద్దాం' అని మళ్లీ అడిగితే కసురుకున్నాను. మా ఆవిడ మ్యాథ్స్ లెక్చరర్‌గా చేసేది, చిన్నోడు పుట్టాక మానేసింది. మళ్లీ చేస్తానంటే 'ఆ జీతం ఏ మూలకొస్తుంది' అన్నాను. అప్పట్నుంచి మాట తగ్గించేసింది. ఇదంతా వదిలేసి ఊరెళ్లి బావమరిదితో కలిసి డెయిరీ పెట్టాలనిపిస్తుంది. ఇంకో ఐదేళ్లు ఓర్చుకుంటే ఇంటి లోన్ సగం తీరిపోతుంది కదా అని కూడా అనిపిస్తుంది. ఒక్కోసారి నా టర్మ్ పాలసీ గుర్తొస్తుంది. నేను లేకపోతే అప్పులన్నీ పోయి వీళ్లు నిశ్చింతగా ఉంటారని లెక్క వేస్తుంటాను. ఏం చేయమంటారు?"

మీ ఆఖరి మాటలకే ముందు సమాధానం చెప్తాను. మిగతావి ఆగగలవు, అది ఆగదు. మీరు లేకపోతే ఎంతొస్తుందని లెక్క వేసుకోవడాన్ని 'ఏదో అలసటలే' అని దాటేయకండి. ఆ ఆలోచన వచ్చి పోతోందా, లేక ఎలా, ఎప్పుడు అనేదాకా వెళ్తోందా? అంతదాకా వెళ్తుంటే ఈ రాత్రి ఒంటరిగా ఉండొద్దు. మీ ఆవిడని లేపి చెప్పండి, దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆలోచన వచ్చి పోతున్నా సరే, ఈ వారంలో ఒక సైకియాట్రిస్టుని కలవండి. ఎర్రగడ్డ పేరు చెప్తే చాలు నవ్వుకునే అలవాటు మన ఊళ్లో ఇంకా పోలేదు. ఆ నవ్వుకి భయపడి ఎంతోమంది సాయం అడగాల్సిన సమయంలో ఆగిపోతున్నారు. మీరు ఆగొద్దు. రాత్రికి నాలుగున్నర గంటలు పడుకునే మనిషికి బతుకంతా అప్పుల పట్టీలాగే కనిపిస్తుంది. నిద్ర కుదుటపడితే అదే బతుకు వేరేగా కనిపిస్తుంది, ఇది చాలామందిలో చూశాను. మీ చిన్నబ్బాయి టెంట్ గురించి మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. వాడు అడుగుతున్నది మిమ్మల్నే.

ఇక ఒంటి సంగతి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ రావడానికి ముందు దశ, 6.5, ఆపైన ఉంటే షుగర్. మీరు 6.2 దగ్గరున్నారు. అంటే వెనక్కి మళ్లే వీలు ఇంకా ఉంది. మీలాంటి దశలో ఉన్నవాళ్ల మీద చెన్నైలో మూడేళ్లు జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు సలహాతో సరిపెట్టిన వాళ్లకంటే తిండీ నడకా మార్చుకున్న వాళ్లలో షుగర్ రావడం 28 శాతానికి పైగా తగ్గింది. మందు లేకుండానే. బీపీ ఒక్కసారి చూసి తేల్చేది కాదు, ఇంట్లో మిషన్‌తో వారం రోజులు పొద్దునా సాయంత్రం చూసి రాసుకుని ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈసీజీ బాగుందన్నారు కాబట్టి గుండె గురించి ఇక చూడక్కర్లేదని అనుకోకండి, అది ఆ నిమిషానికి సంబంధించిన కాగితం. ఛాతీ పట్టేసిన సంగతి డాక్టరుకి దాచకుండా చెప్పండి. గురక పెడతారా అని మీ ఆవిడని అడగండి. పెడుతుంటే అది కూడా చెప్పండి, ఎందుకంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు బీపీని పెంచుతుంది, పగలంతా మత్తుగా ఉంచుతుంది.

ఇదంతా మీ ఒక్కరి బద్ధకం వల్ల వచ్చిందని నమ్మకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు మన ఊరి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరినట్టు తేలింది. మీ ఫ్లోర్‌లో మీ పక్క కుర్చీలవాళ్లని తల్చుకోండి. వంద మందిలో ఎనభై మందికి ఒకే జబ్బు ఉందంటే కుర్చీనీ, పనివేళల్నీ, రాత్రి పదకొండింటికి కాల్ మధ్యలో తినే బిస్కెట్లనీ అనుమానించాలి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లలో 35-40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పాయి. మీరు పదకొండింటికి లాగిన్ అవుతానని రాశారు. సాయంత్రం దాకా ఒక విడత, రాత్రి ఇంకో విడత. మీ గంటలు మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు మీరడిగిన దానికి వస్తాను. మీ ఉత్తరంలో రెండే దారులున్నాయి: మానేయడం, ఓర్చుకోవడం. ఓర్చుకుంటే ఐదేళ్లకి లోన్ సగం తీరుతుందన్న లెక్క తప్పు. తొంభై లక్షల మీద ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు. మొదటి ఏళ్లలో మీరు కట్టే 78 వేలలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. నాలుగేళ్లు కట్టినా ఇంకా దాదాపు 82 లక్షలు బాకీ ఉంటుంది. ఇంకో ఐదేళ్లు ఇలాగే కడితే, మీకు 44 ఏళ్లు వచ్చేసరికి, 67 లక్షలు మిగులుతుంది. సగానికి రావాలంటే లోన్ తీసుకున్న రోజు నుంచి దాదాపు పద్నాలుగేళ్లు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి, వడ్డీ మారి ఉంటే కొంచెం అటూ ఇటూ. అంటే మీరు ఏ గీత దాకా పళ్ల బిగువున పరిగెత్తాలనుకుంటున్నారో ఆ గీత మీరనుకున్న చోట లేదు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. లేని గీత కోసం ఆరోగ్యాన్ని పణంగా పెట్టొద్దని చెప్తున్నాను.

డెయిరీ సంగతీ చెప్పాలి. మీ బావమరిదిని అడగండి, పాలు పితకడానికి ఎన్నింటికి లేస్తారో. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పండగైనా పెళ్లైనా తప్పదు. పాల కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి డబ్బులిస్తారు. మంచి పాలిచ్చే గేదెకి పొదుగువాపు వస్తే ఆ నెల లెక్కంతా తారుమారు. పనివాళ్లు దొరకరు. దానాకి అప్పు, షెడ్డుకి అప్పు. డెయిరీ మంచి పనే, ఇష్టం ఉన్నవాళ్లు బాగా చేస్తున్నారు. కానీ నిద్రలేక అలసిన మనిషి, నెలకి 78 వేల ఈఎంఐ తలమీద పెట్టుకుని, విశ్రాంతి కోసం వెళ్లాల్సిన చోటు కాదది. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరికే అనలేదు. నిజంగా ఆ కోరిక ఉంటే సంక్రాంతికి పది రోజులు సెలవు పెట్టి వెళ్లి, పొద్దున్నే బావమరిదితో కొట్టంలో దిగండి. పది రోజుల్లో తేలిపోతుంది.

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయింది మీరు కొన్న వస్తువుల దగ్గర. రన్నింగ్ షూస్, గిటార్, పెనాలు, టెంట్. ఖరీదైన వాచీలు కొన్నారా, లేదు. పక్కింటివాళ్లకి చూపించే సామానా, కాదు. షూస్ వాడాలంటే రోజూ గంట కావాలి. గిటార్ నేర్చుకోవాలంటే వారానికి రెండు సాయంత్రాలు కావాలి. ఇనప పెనం మీద జొన్న రొట్టె కాల్చుకోవాలంటే ఎనిమిదింటికి వంటింట్లో ఉండాలి. టెంట్ వేయాలంటే ఫోన్ ఆపేసిన శని, ఆదివారాలు కావాలి. మీరు కొన్నవన్నీ తీరిక ఉన్న మనిషి వాడేవి. రాత్రి ఒంటిగంటకి, ఇంకా కాల్ వేడి తగ్గని బుర్రతో, మీరు మీ సాయంత్రాల కోసం వెతుక్కుంటున్నారు. ఆ యాప్ దగ్గర సాయంత్రాలు లేవు, వస్తువులే ఉన్నాయి. వాటికి ఈఎంఐ పడుతుంది. ఈఎంఐ కట్టాలి కాబట్టి తర్వాతి రాత్రి కాల్‌కి కూడా వద్దని చెప్పలేరు. అమ్ముకున్న సాయంత్రాల డబ్బుతో సాయంత్రాల సామాను కొంటున్నారు, సామాను అటకెక్కుతోంది. మీ జబ్బుకీ, అప్పుకీ, ఇంట్లో మౌనానికీ ఇదే మూలమని నా నమ్మకం. మీకు డబ్బు విలువ తెలియక కాదు. సూర్యాపేట నుంచి వచ్చి ఇంతదాకా ఎదిగిన వాళ్లకి అది నేర్పాల్సిన పని లేదు.

కాబట్టి ఒక పని చేయండి. ఒక ఆదివారం పగటిపూట మీ ఏడాది ఆర్డర్ల చిట్టా తీయండి. ప్రతి వస్తువు పక్కన దాన్ని వాడటానికి వారానికి ఎంతసేపు కావాలో రాయండి. ఆ గంటలన్నీ కూడితే మీరు నిజంగా ఎలా బతకాలనుకుంటున్నారో కనిపిస్తుంది. కంపెనీతో మాట్లాడేటప్పుడు మీరు అడగాల్సింది ఆ గంటల్నే.

అర్ధరాత్రి కొనుగోళ్లని మనసు గట్టి చేసుకుని ఆపాలని చూడకండి, అలసిన మనసు గట్టిగా ఉండదు. దారి మూసేయండి. యాప్‌ల నుంచి కార్డు నంబర్లు తీసేయండి, 'తర్వాత కట్టండి' అనే సదుపాయాలు ఆపేయించండి, ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి పడుకోండి. అలారానికి రెండొందలు పెట్టి గడియారం కొనండి, ఆ ఒక్కటీ కొనొచ్చు. నో కాస్ట్ ఈఎంఐ అన్న మాట నమ్మకండి. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపిస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ బిల్లులోనే పడుతుంది, చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు కూడా. ఇక మినిమమ్ డ్యూ కట్టి ఊరుకోవడం అన్నిటికంటే ఖరీదైన పని. మిగిలిన బాకీ మీద చాలా కార్డులకి ఏడాదికి 40 శాతం పైన వడ్డీ పడుతుంది. అంతేకాదు, కొత్తగా కొన్న పాల ప్యాకెట్ మీద కూడా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, గడువు రోజులు ఉండవు. ఈ నెలే ఆ బాకీ తీర్చేయండి, కావాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే తీసి అయినా సరే.

ఓణీల ఫంక్షన్ గురించి నా అభిప్రాయం దాచుకోను. ఆడపిల్లకి వేడుక చేయాలన్న మురిపెం మంచిదే. కానీ ఇప్పుడు అది మురిపెం దాటిపోయింది. కన్వెన్షన్, డ్రోన్ వీడియో, ఎంట్రీకి పల్లకి, వచ్చినవాళ్లందరికీ రిటర్న్ గిఫ్టు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకరు వీడియో పెడితే తర్వాతి ఇంటికి అదే కొలత అయిపోతోంది. పిల్లల పుట్టినరోజులకీ అంతే. మీ అమ్మాయికి ఆ రోజు ఏం గుర్తుందో ఒకసారి అడిగి చూడండి. తోటి పిల్లలతో కలిసి గోరింటాకు పెట్టుకున్న రాత్రి అని చెప్తే ఆశ్చర్యపోకండి. ఇంకో ఏడాదికో రెండేళ్లకో మీ చిన్నబ్బాయి పంచెకట్టు ఫంక్షన్ మాట వస్తుంది. ఇంటి హాల్లో, దగ్గరి బంధువులతో చేస్తామని ఇప్పుడే మీ ఇద్దరూ అనేసుకుంటే అప్పుడు ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు అసలు లెక్క. మీరు నెలకి ఎంత సంపాదించాలి అనే ప్రశ్నకి మీ దగ్గర ఇప్పుడున్న జవాబు 2,35,000, అదీ చాలడం లేదు. కార్డు ఈఎంఐలు 18, పర్సనల్ లోన్ 14, కారు 26. ఈ మూడూ లేకపోతే 58 వేలు తగ్గుతుంది. అప్పుడు 1,77,000 వచ్చినా ఇల్లు ఇలాగే నడుస్తుంది. అంటే జీతం దాదాపు పావు వంతు తగ్గినా తట్టుకోగలరు. మీరు ఈ రోజు 'ఇష్టం లేదు' అని చెప్పలేని ప్రతి చోటా రేపు చెప్పడానికి బలం ఈ పావు వంతులోనే ఉంది. ఈసారి వచ్చే బోనస్ కొత్త వస్తువుకి పోనీయకుండా ముందు పర్సనల్ లోన్‌కి కట్టండి, ముందే తీర్చేస్తే ఛార్జీ ఎంతో బ్యాంకుని అడగండి. కారు మీద బాకీ ఎంతుందో, అమ్మితే ఎంతొస్తుందో కనుక్కోండి. వారానికి మూడు రోజులు ఆఫీసుకెళ్తారు, తెల్లాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడలో మీ ఆఫీసు దూరమేమీ కాదు, పాత చిన్న కారు చాలు. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారో అని మీకు అనిపిస్తుంది, నాకు తెలుసు. వారం అనుకుంటారు, తర్వాత వాళ్ల ఈఎంఐల గొడవలో వాళ్లుంటారు. ఇంటి లోన్ మారుతూ ఉండే (ఫ్లోటింగ్) వడ్డీది అయితే మిగులు డబ్బు ముందుగా కట్టినందుకు వ్యక్తుల దగ్గర ఛార్జీ తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ పని మాత్రం చిన్న అప్పులు తీరాకే.

ఉద్యోగం దగ్గర మీ ముందు ఏమున్నాయో చూద్దాం. ఉన్నచోటే ఉండి వేళలు మార్చుకోవడం ఒకటి. మీ కాల్స్ రాత్రి తొమ్మిదిన్నరకి మొదలవుతున్నాయంటే అక్కడ ఉదయం తొమ్మిది. నవంబరులో అమెరికాలో గడియారాలు వెనక్కి జరపగానే అదే మీటింగ్ మీకు పదిన్నర అవుతుంది, మార్చి దాకా అంతే. ఆ మార్పు రాకముందే మేనేజరుతో మాట్లాడండి. వారంలో రెండు రాత్రులే మీరు ఉంటారని, మిగతావి మీ కింది లీడ్స్ వంతులవారీగా చూస్తారని, అక్కడివాళ్లు వారంలో ఒక రోజు సర్దుకుని వాళ్ల సాయంత్రం, మన ఉదయం కలవాలని రాతపూర్వకంగా ప్రతిపాదించండి. డాక్టరు కాగితం ఉంటే జతచేయండి. దీనివల్ల రేటింగ్ ఒక మెట్టు తగ్గొచ్చు, వేరియబుల్ పే తగ్గొచ్చు, ప్రమోషన్ వెనక్కి పోవచ్చు. ఒప్పుకోకపోతే కనీసం ఎక్కడున్నారో తెలుస్తుంది. కానీ మీ లీడ్స్ మీద ఆ రాత్రులన్నీ తోసేసి మీరు తప్పించుకోకండి, వాళ్లకీ ఇళ్లున్నాయి.

రెండోది, వేళలు వేరుగా ఉన్న పనికి మారడం. యూరప్ క్లయింట్లతో చేసే టీములకి లండన్ ఉదయం తొమ్మిదంటే మనకి వాళ్ల ఎండాకాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. ముఖ్యమైన మీటింగులు రాత్రి భోజనానికి ముందే ముగించుకోవచ్చు. మీ కంపెనీలోనే అలాంటి ప్రాజెక్టు ఉందేమో ముందు చూడండి. బయటికి వెళ్లేట్టయితే ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు ఎనిమిది తర్వాత కాల్స్ ఎన్ని ఉంటాయో అడగండి, వీలైతే అక్కడ పనిచేసే వాళ్లని విడిగా అడగండి. జీతం తగ్గొచ్చు. తొంభై రోజుల నోటీసు పీరియడ్ ఉంటుంది, ఆ మూడు నెలలూ పని ఇంకా ఎక్కువ మోపుతారు, దానికి సిద్ధంగా ఉండాలి. పైన చెప్పిన అప్పులు తీర్చకుండా ఈ అడుగు వేస్తే, రెండో నెలకే మళ్లీ ఎక్కువ జీతం వెతుక్కుంటారు. నాకు ఎక్కువ ఇష్టమైన దారి ఇదే అయినా, ఆ షరతుతోనే.

జీతం లేని సెలవు రెండు నెలలు తీసుకోవచ్చు. నిద్ర, బీపీ కుదుటపడటానికి అది బాగా పనిచేస్తుంది. కానీ ఇప్పుడు మీ చేతిలో రెండు నెలల ఈఎంఐలకి సరిపడా డబ్బు లేదు. డాక్టరు తప్పదంటే మాత్రం అప్పు గురించి ఆలోచించకుండా తీసుకోండి.

ఫ్లాటు గురించి మీరు అడగలేదు, కానీ పక్క ఫ్లాటు 38 వేలకి అద్దెకి పోయిందని రాశారు. మీ ఇల్లు అద్దెకిచ్చి లింగంపల్లి, చందానగర్ వైపు 22 వేలలో చిన్న ఇంటికి మారితే నెలకి 16 వేలు మిగులుతాయి, పిల్లల స్కూల్ బస్సు మార్గం కుదరాలి. అమ్మడం ఇంకా పెద్ద నిర్ణయం. 2024 జూలై 23కి ముందు కొన్నది కాబట్టి లాభం మీద 12.5 శాతం పన్ను కట్టాలా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకి పెంచి లెక్కేసి) 20 శాతమా అన్నది లెక్క చూసుకోవచ్చు. స్వాధీనం చేసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు అమ్మితే, లోన్ అసలు కట్టినందుకు ఆదాయపు పన్నులో 80సి కింద తీసుకున్న మినహాయింపు తిరిగి ఆదాయంలో కలుస్తుంది. ఒక ఆడిటర్‌ని కూర్చోబెట్టుకుని చూడండి. నా మాట అడిగితే, ఈ ఏడాది ఇల్లు ముట్టుకోవద్దు. ఒకేసారి అన్నీ కదిలిస్తే పిల్లలు కంగారుపడతారు.

ఆఖరిగా మీ ఆవిడ విషయం. ఆమె లెక్చరర్‌గా మళ్లీ చేస్తానన్నప్పుడు మీరన్న మాట చాలా తప్పు. అది కాదని ఊరడించను. ఆమె నెలకి 35-40 వేలు తెస్తే, పైన చెప్పిన 1,77,000లో మీరు తేవాల్సింది 1,40,000కి దిగుతుంది. మీ ఐదేళ్ల ఓర్పు చేయలేని పని ఆమె ఉద్యోగం చేస్తుంది. డబ్బు పక్కన పెట్టినా, లెక్కలు చెప్పే మనిషిని ఇంటి లెక్కలకి దూరంగా పెట్టి మీరు ఒక్కరే రాత్రుళ్లు కూడికలు చేసుకుంటున్నారు. తీసివేతలు ఆమెకి మీకంటే బాగా వచ్చు.

ఈ శనివారం పిల్లలు ఆడుకోవడానికి కిందికి వెళ్లినప్పుడు కూర్చోండి. ముందు రిపోర్టులు చూపించండి, తర్వాత పర్సనల్ లోన్ సంగతి, ఆ తర్వాత పాలసీ గురించి వచ్చే ఆలోచన. ఈ వరసలో చెప్తే ఆఖరిది చెప్పడానికి నోరు వస్తుంది. ఫంక్షన్ అప్పు దాచినందుకు ఆమెకి కోపం రావచ్చు, 'అందరి ముందు నేను ఆ చీర కట్టుకుని తిరిగాను' అని ఏడవచ్చు. అప్పుడు మీ కోసమే చేశాను అనకండి. వినండి. అదే రోజు అన్నీ తేల్చేయాలని చూడకండి, బడ్జెట్ కాగితం బయటికి తీయకండి. 'నువ్వు మళ్లీ పాఠాలు చెప్పాలని ఉందా' అని మాత్రం అడగండి. ఉందంటే జూన్‌లో కాలేజీలు తెరవకముందే అప్లికేషన్లు పంపాలి, దానికి ఇంట్లో ఏయే పనులు మీరు తీసుకుంటారో కూడా ఆ రోజే చెప్పండి. పొద్దున లేచి పిల్లల్ని బస్సు ఎక్కించడం ఇప్పటికే మీ పని. సాయంత్రం హోంవర్క్ కూడా మీదే అయితే ఎనిమిది తర్వాత కాల్స్ వద్దని అడగడానికి మీకు ఇంకో కారణం దొరుకుతుంది. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ మళ్లీ చూపించుకోండి, ఆ తర్వాత వీలుంటే నాకు రాయండి.